గుంటగలగరను గుర్తుపట్టి, పెంచి, వాడుకోవడం ఎలా

గుంటగలగరను వెతకడానికి అడవులకు వెళ్ళనక్కరలేదు. అది ఎక్కడ దొరుకుతుందో దాని పేరే చెబుతుంది. నీరు నిలిచే గుంట, వరిమడి గట్టు, కాలువ ఒడ్డు, కుళాయి కింద ఎప్పుడూ తడిగా ఉండే నేల దానికి ఇష్టమైన చోట్లు. ఎవరూ నాటకపోయినా అక్కడ మొలుస్తుంది, పీకినా మళ్ళీ వస్తుంది. కొందరు దీనిని గుంటగరగరాకు అంటారు, సంస్కృతంలో భృంగరాజం, కేశరాజం, మార్కవం అనే పేర్లున్నాయి. వృక్షశాస్త్రంలో దీని పేరు ఎక్లిప్టా ప్రోస్ట్రేటా. పాత పుస్తకాల్లోనూ, మందుల సీసాల మీదా ఎక్లిప్టా ఆల్బా అని కనిపిస్తే అది వేరే మొక్క కాదు, ఇదే. ఎక్లిప్టా అనే మాటకు మూలమైన గ్రీకు పదానికి లోపించడం అని అర్థం. ఇదే చామంతి కుటుంబానికి చెందిన చాలా మొక్కల గింజలకు గాలిలో ఎగరడానికి కుచ్చు ఉంటుంది, దీని గింజకు అది లేదు. ఈ చిన్న విషయం తోటలో పనికి వస్తుంది కాబట్టి గుర్తుంచుకోండి.

ఈ మొక్కతో మీరు చేయదగిన పనులు నాలుగు: సరిగ్గా గుర్తుపట్టడం, తోటలో ఒక హద్దులో పెంచడం, ఆకును కోసి ఆరబెట్టడం, తలకు నూనె కాచుకోవడం. లోపలికి తీసుకోవడం అనే ఐదో పని గురించి కూడా చెబుతాను కానీ, అది ఇంట్లో సొంతంగా చేసుకోవలసిన పని కాదని ముందే చెప్పడం మంచిది.

మొదట గుర్తుపట్టండి

మొక్క మోకాలి ఎత్తుకు మించి పెరగడం అరుదు. ఎండ బాగా తగిలే చోట నేలను అంటుకుని పాకుతుంది, పక్కన ఇతర మొక్కలు ఒత్తుగా ఉంటే నిటారుగా లేస్తుంది. కాండం తరచుగా ఎర్రగానో ఊదారంగు కలిసిన గోధుమరంగులోనో ఉంటుంది. దాని మీద కాండానికి అంటుకుని పడుకున్నట్లుండే తెల్లని బిరుసు నూగును వేలితో పైకి నిమిరితే గరుకుగా తగులుతుంది. ఆకులు కణుపు దగ్గర ఎదురెదురుగా, దాదాపు కాడ లేకుండా, పొడవుగా, కొన తేలి ఉంటాయి. వాటికీ ఆ గరుకుదనం ఉంటుంది. ఆకు పంగలో నుంచి సన్నని కాడ మీద ఒకటో రెండో తెల్లని చిన్న పూలు వస్తాయి. మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి ఎన్నో చిన్న పూలు కలిసిన గుత్తి. చుట్టూ పోగుల్లా సన్నని తెల్లని రేకులు, మధ్యలో తెల్లని బొడిపె ఉంటాయి. మొత్తం కలిపినా అడ్డంగా సెంటీమీటరుకు అటూ ఇటూ మించదు. పూత రాలాక అదే చోట పచ్చని గింజల బిళ్ళ ఏర్పడి, పండేకొద్దీ నల్లబడుతుంది.

పొరబడే అవకాశం ఉన్న మొక్కలు కొన్ని ఉన్నాయి. గడ్డిచామంతి కూడా పాకే మొక్కే, దాని ఆకులూ గరుకే. అయితే దాని పువ్వు పొడవైన ఒంటికాడ మీద ఎత్తుగా నిలబడుతుంది, మధ్యభాగం పసుపుపచ్చగా ఉంటుంది, ఆకు అంచుకు లోతైన రంపపు పళ్ళుంటాయి. పొన్నగంటి కూర పూలు తెల్లగానే ఉన్నా వాటికి కాడ ఉండదు, ఆకు పంగలోనే ముద్దగా అతుక్కుని ఉంటాయి, ఆకు నున్నగా ఉంటుంది. పసుపుపచ్చ పూల గుంటగలగర అని పిలిచేది ఆయుర్వేదంలో వాడుకలో ఉన్న మరో జాతి మొక్క, దానికి గుణాలు దగ్గరగా చెబుతారు. కానీ అలంకారానికి పెంచే, నేలంతా చాపలా కప్పేసే పసుపుపూల తీగ ఒకటి దానిలాగే కనిపిస్తుంది. అందువల్ల పసుపు పూలున్నదాన్ని కొత్తవారు ముట్టుకోకపోవడమే నయం.

వీటన్నిటికన్నా జాగ్రత్త పడవలసింది వయ్యారిభామతో. పూత మీద ఉన్నప్పుడు దూరం నుంచి తెల్లని చుక్కల్లా కనిపించి మోసం చేస్తుంది. దాని ఆకులు క్యారట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంటాయి కాబట్టి దగ్గరికి వెళితే పొరపాటు పడరు. ఎవరైనా కోసి, కట్టలు కట్టి తెచ్చి ఇచ్చిన ఆకులో మాత్రం అది కలిసిపోయే అవకాశం ఉంది. వయ్యారిభామ తగిలితే చాలామందికి చర్మం మీద దద్దుర్లు, దురద వస్తాయి. అలాంటి ఆకుతో కాచిన నూనెను తలకు రాసుకుంటే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

చివరి పరీక్షను మొక్కే పెడుతుంది. రెండు మూడు లేత ఆకులను అరచేతిలో వేసి బాగా నలిపి, పసరు చర్మానికి పట్టించి, కొన్ని నిమిషాలు గాలికి వదిలేయండి. ఆకుపచ్చగా మొదలైన మరక క్రమంగా ముదిరి, నల్లగా మారుతుంది. తెల్లని నూలు గుడ్డ మీద చేస్తే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కాండాన్ని విరిచినా విరిగిన చోట కాసేపటికి నల్లబడుతుంది. ఈ నలుపు మూలంగానే పూర్వం పచ్చబొట్లు పొడవడానికి ఈ పసరు వాడేవారు. నెరిసిన జుట్టును ఈ ఆకు నల్లగా చేస్తుందన్న నమ్మకానికి కూడా చాలావరకు ఈ నలుపే కారణమని నా అభిప్రాయం. ఆ సంగతికి నూనె దగ్గర మళ్ళీ వస్తాను. ఆకారం, పువ్వు, గరుకుదనం, నలుపు ఈ నాలుగూ కలిసినప్పుడే అది గుంటగలగర అని నిర్ధారించుకోండి. ఒక్క నలుపును చూసి తీర్మానించవద్దు.

ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఈ మొక్క పుష్కలంగా పెరిగే చోట్లలో సగం మురుగు పారే కాలువలే. మురుగులోని క్రిములు ఆకు మీద ఉంటాయి, నేలలోని సీసం, కాడ్మియం వంటి లోహాలు మొక్క లోపలికే చేరతాయి. పైన ఉన్నది కడిగితే పోతుంది, లోపలికి చేరినది ఎంత కడిగినా పోదు. పొలం గట్ల మీద ఉన్నదైతే కలుపుమందు, పురుగుమందు చల్లి ఉండవచ్చు. కాబట్టి బయట నుంచి తెచ్చేది వాడకానికి కాక, నాటడానికి విత్తుగా మాత్రమే తెచ్చుకోండి. నాలుగు కొమ్మలు తెచ్చి మంచి మట్టిలో నాటుకుంటే ఆ తరువాత వెతుక్కోవలసిన పనే ఉండదు.

నాటడం

కొమ్మతో నాటడం అన్నిటికన్నా సులభం. పాకే కొమ్మకు నేలను తాకిన కణుపు దగ్గర అప్పటికే వేళ్ళు వచ్చి ఉంటాయి. అలాంటి కొమ్మను మూడు నాలుగు కణుపులు ఉండేలా కోసి, కింది రెండు కణుపుల ఆకులు తీసేసి, ఆ కణుపులు మట్టిలో ఉండేలా నాటండి. పూలు, గింజలు ఉంటే గిల్లేయండి. వారం రోజులు మట్టి తడి ఆరకుండా చూస్తే చాలు, కొత్త చిగురు వస్తుంది.

గింజతో వేయదలిస్తే ఒక్క నియమం మరిచిపోకూడదు. ఈ గింజ మొలవడానికి వెలుతురు కావాలి. అలవాటు కొద్దీ గింజ మీద మట్టి కప్పితే అది నేలలో నిద్రపోతుంది, మీరు గింజ చెడిపోయిందనుకుంటారు. నేను మొదటిసారి చల్లినప్పుడు సరిగ్గా ఇదే జరిగింది. కప్పిన మడిలో ఒక్కటీ మొలవలేదు, చేతి నుంచి జారి కుండీ అంచున పడినవి మాత్రం మొలిచాయి. కాబట్టి మట్టిని తడిపి, చదును చేసి, గింజలను పైన చల్లి, అరచేతితో మెల్లగా అదిమి వదిలేయండి. నీళ్ళు పోస్తే గింజలు కొట్టుకుపోతాయి కనుక తుంపరగా చిలకరించండి. వాతావరణం వెచ్చగా ఉంటే వారం పది రోజుల్లో మొలకలు కనిపిస్తాయి. వేళ్ళు కుదురుకుని నాలుగు ఆకులు వచ్చాక జానెడు దూరంలో ఒక్కొక్కటిగా నాటండి.

మట్టి విషయంలో ఈ మొక్కకు పట్టింపు లేదు. బంకమట్టిలోనూ పెరుగుతుంది, కాస్త ఉప్పు నేలనూ ఓర్చుకుంటుంది. నీటి విషయంలో మాత్రం రాజీపడదు. పైమట్టి ఎండిపోతే ఆకులు చిన్నవై, బిరుసెక్కి, మొక్క తొందరగా పూతకు వచ్చి ముగిసిపోతుంది. కుండీలో పెంచేవారు అడుగున నీళ్ళు నిలిచే పళ్ళెం పెడితే ఇతర మొక్కలకు వేరు కుళ్ళు వస్తుంది కానీ దీనికి అదే సుఖం. పూర్తి ఎండ గానీ, సగం రోజు ఎండ గానీ సరిపోతుంది. ఎరువు ఎక్కువైతే ఆకు మెత్తబడి పేనుబంక పడుతుంది, కాబట్టి నాటేటప్పుడు వేసే గుప్పెడు పశువుల ఎరువుతో ఆపేయండి.

తోటలో దీని వల్ల ప్రయోజనం మందు ఒక్కటే కాదు. కుళాయి దగ్గరో, బావి పక్కనో, కొలను అంచునో ఇంకేదీ బతకని బురద నేలను ఇది ఆకుపచ్చగా కప్పుతుంది. కణుపు కణుపుకూ వేళ్ళు దించుతుంది కాబట్టి కాలువ గట్టు మట్టి జారకుండా పట్టి ఉంచుతుంది. పూలు చిన్నవైనా చిన్నజాతి తేనెటీగలు, సీతాకోకచిలుకలు వాటి మీద వాలుతుంటాయి.

అయితే దాన్ని హద్దులో ఉంచడం మీ బాధ్యత. మొదట చెప్పిన కుచ్చులేని గింజ సంగతి ఇక్కడ పనికి వస్తుంది. గాలికి ఎగిరిపోదు కాబట్టి చామంతి జాతి కలుపుల్లా అల్లంత దూరాన మొలవదు. కానీ తల్లి మొక్క చుట్టూ వేల సంఖ్యలో రాలుతుంది, నీటి మీద తేలి నీరు పారిన దారంతా చేరుతుంది. అందువల్ల పారే నీటికి ఎగువన నాటవద్దు. వరిలోనూ కూరగాయల మడులలోనూ ఇది గట్టి కలుపే. గింజల బిళ్ళలు నల్లబడక ముందే కత్తిరించండి, గింజ పట్టిన కొమ్మలను ఎరువు గుంతలో వేయకండి. ఆ గుంత బాగా వేడెక్కకపోతే గింజలు చావవు, ఎరువుతో పాటు తోటంతా మీరే విత్తినట్లవుతుంది.

కోయడం, ఆరబెట్టడం

నాటిన సుమారు నెలన్నరకు పూత మొదలవుతుంది. పూలు విచ్చుకుంటున్న సమయమే కోతకు అనువైనది. మంచు ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు, నేల నుంచి నాలుగు వేళ్ళ ఎత్తు వదిలి పదునైన కత్తెరతో కోయండి. మొదలు మళ్ళీ చిగురించి ఇంకో కోతకు వస్తుంది. పసుపుబారిన ఆకులనూ, తెల్లని బూజు పట్టినవాటినీ ఏరి పారేసి, రెండు మూడు నీళ్ళలో కడిగి, గుడ్డ మీద పరిచి నీరు ఓడనివ్వండి. చేతులకు నల్లని మరక అంటుకుంటుంది. అది రెండు మూడు రోజులు పోదు కాబట్టి తొడుగులు వేసుకుంటే మంచిది, మంచి బట్టలు వేసుకోకపోతే ఇంకా మంచిది.

ఆరబెట్టేది నీడలోనే. గాలి ఆడే గదిలో పలుచగా పరిచి, రోజుకు ఒకసారి తిరగేస్తూ ఉంటే నాలుగైదు రోజుల్లో ఆకు చేతిలో గలగలమని పొడి అవుతుంది. ఆకు విరిగినా కాడ వంగుతూ ఉంటే ఇంకా తడి ఉన్నట్లే. పచ్చి ఆకులో అధికభాగం నీరే కాబట్టి కిలో ఆకు ఎండాక చేరెడు మిగిలిందని ఆశ్చర్యపోకండి. దంచి, జల్లించి, గాలి చొరని గాజు సీసాలో పోసి, తేదీ రాసి, వెలుతురు పడని చోట ఉంచండి. వాసన మారినా, ఉండలు కట్టినా పారేయండి.

తలనూనె కాచడం

ఆయుర్వేదంలో తైలపాకానికి ఒక సాధారణ కొలత ఉంది. కల్కం, అంటే నూరిన ముద్ద, ఒక వంతు అయితే, నూనె నాలుగు వంతులు, ద్రవం పదహారు వంతులు. ఇంట్లో అనుకూలమైన లెక్క చెబుతాను. పావు లీటరు నువ్వుల నూనె గానీ కొబ్బరి నూనె గానీ తీసుకుంటే, కడిగిన పచ్చి ఆకును కొద్ది నీటితో మెత్తగా రుబ్బి పిండగా వచ్చిన పసరు ఒక లీటరు ఉండాలి. దానికి తోడు, విడిగా నూరిన ఆకు ముద్ద నిమ్మకాయంత ఉండలు రెండు, అంటే అరవై గ్రాములకు కాస్త అటూ ఇటూ కావాలి. అంత పసరు తీయలేకపోతే అర లీటరుతోనైనా చేయవచ్చు. నూనె చెడదు, సారం తక్కువగా దిగుతుంది, అంతే.

అడుగు మందంగా ఉన్న లోతైన పాత్రలో నూనె పోసి, సన్నని సెగ మీద గోరువెచ్చగా అయ్యాక సెగ ఆర్పి, ముద్దను పసరులో కలిపి నెమ్మదిగా పోయండి. బాగా కాగిన నూనెలో పసరు పోస్తే ఎగజిమ్మి ముఖం మీద పడుతుంది. పాత్ర సగానికి మించి నిండకూడదు, ఎందుకంటే మధ్యలో నురుగు పొంగుతుంది. తరువాత మళ్ళీ సన్నని సెగ మీద, అడుగంటకుండా గరిటెతో తిప్పుతూ కాచాలి. ఓపిక అవసరమైన ఘట్టం ఇదే. పసరులోని నీరు ఉన్నంతసేపూ నూనె వేడి నీరు మరిగే వేడి దగ్గరే ఆగి ఉంటుంది కాబట్టి మాడుతుందన్న భయం లేదు, గంట గడిచినా ఏమీ మారినట్లు కనిపించదు. నీరు ఆవిరైపోయిన మరుక్షణం నుంచి మాత్రం వేడి చరచరా పెరుగుతుంది, ఐదు నిమిషాలు ఏమరుపాటుగా ఉంటే ముద్ద మాడి నూనెకు కమురు వాసన పడుతుంది. కాబట్టి బుడగల చప్పుడు తగ్గుముఖం పట్టగానే పొయ్యి దగ్గర నుంచి కదలకండి.

పాకం తెలుసుకోవడానికి పాత పద్ధతే ఇప్పటికీ నమ్మదగినది. గరిటె అంచుతో కొద్దిగా ముద్ద తీసి, చల్లార్చి, వేళ్ళ మధ్య నలపండి. అది వేలికి అంటకుండా వత్తిలా చుట్టుకోవాలి. ఆ వత్తిని మంటలో పెడితే చిటపటలాడకుండా కాలాలి. చిటపటలాడిందంటే లోపల ఇంకా నీరుంది. నూనె మీద నురుగు రావడం కూడా తైలపాకం పూర్తవుతోందనడానికి ఒక గుర్తుగా చెబుతారు. ముద్ద పూర్తిగా గట్టిపడి పొడి రాలేదాకా కాచకుండా, వత్తి పరీక్ష నెగ్గగానే దించి, గోరువెచ్చగా ఉండగానే నూలు గుడ్డలో వడగట్టి పిప్పిని పిండండి. సీసా లోపల ఒక్క చుక్క తడి కూడా లేకుండా ఆరబెట్టి పోయండి. నీరు మిగిలిన నూనె కొద్ది వారాల్లో అడుగున బూజు పడుతుంది. బాగా కాచినది ఆరు నెలలు నిలుస్తుంది, కానీ కమురు వాసన వస్తే లెక్క చూడకుండా పారబోయండి.

సిద్ధమైన నూనె ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. నల్లగా లేదే అని నిరుత్సాహపడకండి. చేతికి అంటిన నలుపు పసరుది, అది నూనెలోకి దిగేది కాదు. బజారులో దొరికే నూనె కాటుకలా నల్లగా ఉంటే అందులో మరేదో కలిసిందేమోనని అనుమానించడం న్యాయమే.

వాడకముందు మోచేతి మడతలో ఒక చుక్క రాసి రెండు రోజులు ఆగండి. చామంతి కుటుంబపు మొక్కలు పడనివారికి ఇది కూడా పడకపోవచ్చు. ఎరుపు, దురద లేకపోతే వారానికి రెండు సార్లు కుదుళ్ళకు పట్టించి, గంట తరువాత తలస్నానం చేయండి. మాడు పొడిబారడం తగ్గుతుంది, వెంట్రుక నునుపెక్కి దువ్వేటప్పుడు తెగడం తగ్గుతుంది. ఇది ఏ మంచి నూనె అయినా చాలావరకు చేసే పనే. ఆకు సారం పూసిన ఎలుకల్లో వెంట్రుకలు పెరిగే దశ త్వరగా మొదలైనట్లు ప్రయోగాల్లో కనిపించింది, అయితే మనుషుల మీద అంత గట్టి ఆధారం లేదు. నెరిసిన జుట్టు కుదురు నుంచి నల్లగా రావడం ఈ నూనెతో జరగదు. రంగు కావాలనుకుంటే గోరింటాకు పొడిలో పావు వంతు గుంటగలగర పొడి కలిపి పట్టించవచ్చు, అది జుట్టు పైన పట్టే ముదురుదనమే తప్ప కుదురును మార్చదు.

లోపలికి తీసుకోవడం

ఈ ఆకుకు కాలేయపు మందుగా పేరుంది. దీనిలోని వెడెలోలాక్టోన్ అనే పదార్థం ప్రయోగశాలలో, జంతువుల్లో కాలేయ కణాలను కొన్ని విషాల నుంచి కాపాడినట్లు తేలింది. అక్కడి నుంచి నేరుగా కామెర్లకు పసరు తాగడం దాకా దూకడం ప్రమాదకరం. కామెర్లు ఒక జబ్బు కాదు, అనేక జబ్బుల గుర్తు. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ వంటివి చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, ఆ తగ్గిన పేరు తాగిన పసరుకు దక్కుతుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడినా, హెపటైటిస్ బి ఉన్నా, కళ్ళు అలాగే పచ్చబడతాయి. అప్పుడు పసరు తాగుతూ గడిపిన ప్రతి రోజూ చికిత్సకు నష్టమే. కళ్ళు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించండి. మగత, తికమక, ఆగని వాంతులు, రక్తం కారడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

పాముకాటుకూ ఈ పసరు పోస్తారని వింటాం. ఒక జాతి పాము విషాన్ని ఈ మొక్క సారం ఎలుకల్లో కొంత అడ్డుకున్న మాట నిజమే కానీ, కాటు పడిన మనిషికి ప్రతివిషం తప్ప మందు లేదు, దానికి ఆసుపత్రే దారి.

వైద్యుని సలహాతో తీసుకునేవారు కూడా పచ్చి పసరును బురదలో పెరిగిన ఆకు నుంచి తీయకూడదు, తడి నేలల ఆకుల మీద పరాన్నజీవులు ఉండే అవకాశం ఉంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్నపిల్లలు లోపలికి తీసుకోకూడదు. చక్కెర జబ్బుకు, రక్తపోటుకు మందులు వాడేవారు తమ వైద్యునికి చెప్పకుండా మొదలుపెట్టకూడదు. ఈ పసరులో తడిపి ఎండబెట్టిన వత్తితో కాటుక పట్టే అలవాటు ఉన్నవారికి ఒక మాట: మసి కంటికి మేలు చేసే వస్తువు కాదు, పసిపిల్లల కళ్ళకైతే అసలే వద్దు.

విత్తనం దాచుకోవడం

ఈ మొక్క ఏడాదిలోపే ముగిసిపోతుంది కాబట్టి ఒకటి రెండు కొమ్మలను కోయకుండా వదిలేయండి. బిళ్ళలు నల్లబడి, వేలితో రుద్దితే గింజలు రాలే దశలో వాటి కింద కాగితం పట్టి దులపండి. కుచ్చు లేని గింజ కాబట్టి గాలికి చెదరకుండా కాగితం మీదే పడుతుంది. రెండు రోజులు నీడన ఆరనిచ్చి, పొట్లం కట్టి, పొట్లం మీద తేదీతో పాటు "మట్టి కప్పవద్దు" అని కూడా రాసి పెట్టండి.